పెండ్లికి ముందు పళ్ల వైద్యం: ఏది ముందు, ఏది తర్వాత?

మన సంఘాలలో చాలాచోట్ల పెండ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆ మొదటి ప్రకటన అయిన తర్వాతనే చాలా కుటుంబాలవారు పెండ్లికూతురినో పెండ్లికొడుకునో వెంటబెట్టుకొని పళ్ల డాక్టరు దగ్గరకు వస్తారు. “పెండ్లి ఇంకా ఇరవై రోజులుంది, ముందు పళ్లు తెల్లగా చేయండి” అని అడుగుతారు. ఇరవై రోజులలో కొంత పని జరుగుతుంది, అంతా జరగదు. తొందరపడి చేయించుకున్న పని తర్వాత ఏండ్ల తరబడి బాధపెట్టవచ్చు కూడా. అందుకే మేము చెప్పేది ఒక్కటే: పెండ్లి కుదిరిన వెంటనే రండి. కనీసం మూడు నెలల గడువు ఉంటే పళ్లను అరగదీయకుండా, తక్కువ ఖర్చుతో ముగిసే మార్గాలు చాలా ఉన్నాయి.

మరక ఏ రకమైనది?

పళ్ల మీది మరకలు రెండు రకాలు. మొదటిది పైన అంటుకున్న మరక. టీ, ఆకువక్క, బీడీ, ఖైనీ, గుట్కాల వల్ల ఇది వస్తుంది. పళ్ల మొదళ్లలో గట్టిపడిన గార కూడా ఈ రకమే. క్లీనింగ్ చేస్తే ఇది చాలావరకు పోతుంది.

రెండవది పన్ను లోపలే ఉన్న మరక. మన కర్నూలు, కడప ప్రాంతాలలో దీనికి ముఖ్య కారణం నీళ్లలోని ఫ్లోరైడు. రాతి పొరలలో చాలాకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరిగి ఉంటుంది. అటువంటి బోరునీళ్లు తాగే పసిపిల్లల చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్ల పైపొర, అంటే ఎనామిల్, సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చినప్పుడు సున్నం పూసినట్లు తెల్లని చారలుంటాయి. తర్వాత అవే రంగు పీల్చుకొని గోధుమ రంగుకు తిరుగుతాయి. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను 1937లో డాక్టర్ షార్ట్, ఆయన తోటి వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి ప్రకటించారు.

ఒక సంగతి పెద్దలు గమనించాలి. ఫ్లోరైడు మరక పళ్లు తోముకోనందువల్ల వచ్చేది కాదు. అంటువ్యాధి కాదు, రక్తంలో వచ్చే జబ్బు కాదు. చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు, అంతే. పెండ్లిచూపులలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వే అమ్మాయిని చూసి “శుభ్రత లేదు” అనుకోవడం న్యాయం కాదు. పుట్టబోయే పిల్లలకు అది తల్లి నుండి రాదు. వాళ్లూ అవే నీళ్లు తాగితేనే వస్తుంది.

పని వరుస

ఇల్లు కట్టేటప్పుడు గోడ లేవకముందే సున్నం వేయము. పళ్లకూ అంతే. ముందు ఆరోగ్యం, తర్వాత రంగు, చివరికి ఆకారం.

సంవత్సరం, రెండేండ్ల ముందు: ఎగుడుదిగుడు పళ్లను క్లిప్పులతో సరిచేయడానికి సాధారణంగా ఇంత సమయం పడుతుంది. “మూడు వారాలలో వరుసకు తెస్తాము” అంటే బాగున్న పళ్లను అరగదీసి క్యాపులు వేయడమేనని అర్థం చేసుకోండి.

ఆరు నెలల ముందు: ఊడిన పన్ను స్థానంలో ఎముకలో బిగించే ఇంప్లాంటు కావాలంటే, అది ఎముకతో అతుక్కోవడానికే మూడు నుండి ఆరు నెలలు పట్టవచ్చు.

మూడు నెలల ముందు: పూర్తి పరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే. పిప్పిపళ్లకు ఫిల్లింగ్ లేదా రూట్ కెనాల్, ఆ తర్వాత క్లీనింగ్. క్లీనింగ్ చేస్తే పళ్లు వదులవుతాయని మనవైపు ఒక భయం ఉంది. గార చేరి చిగురు, ఎముక అప్పటికే దెబ్బతిన్నచోట, ఆ గార తీసేసరికి దాగి ఉన్న వదులు బయటపడుతుంది. దానిని అలాగే వదిలేస్తే పన్నే ఊడిపోతుంది. వాచిన చిగుళ్లు మామూలు స్థితికి రావడానికి కొన్ని వారాలు కావాలి. షుగరు అదుపులో లేనివారికి ఇంకా ఆలస్యమవుతుంది.

రెండు నెలల ముందు: రంగు పని. బ్లీచింగ్ అంటే పళ్లను గీకడం కాదు, మందుతో రంగును తగ్గించడం. పళ్లకు సరిపడే తొడుగు చేసి ఇస్తాము, అందులో మందు పెట్టుకొని రాత్రిపూట వేసుకోవాలి. మామూలు పసుపుదనానికి రెండు వారాలు చాలు. లోపలి మరకలకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆ రోజులలో పళ్లు జివ్వుమనవచ్చు, మధ్యలో ఆపితే తగ్గుతుంది. ఫ్లోరైడు మరకలున్నవారికి ముందుగా ప్రత్యేకమైన లేపనంతో పైపొరను వెంట్రుకవాసి మందం మాత్రం తీస్తాము. దీనిని మైక్రోఅబ్రేషన్ అంటారు. ఈ రెండూ కలిపి చేస్తే గోధుమ మరకలు చాలామందిలో బాగా తగ్గుతాయి. బ్లీచింగ్ మొదలుపెట్టిన కొత్తలో తెల్లమచ్చలు కొద్దిరోజులు ఎక్కువగా కనిపించవచ్చు. ఒక్క ఈ కారణానికైనా దీనిని పెండ్లి వారంలో పెట్టుకోరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బ్లీచింగ్ వాయిదా వేసుకోవాలి.

నెల ముందు: విరిగిన అంచులు, సందులు, గుంటలు పన్ను రంగు ఫిల్లింగుతో సరిచేయడం, ముందుపళ్లకు క్యాపులు వేయడం. బ్లీచింగ్ అయిన తర్వాత కనీసం రెండు వారాలు ఆగి వీటిని చేయాలి. వెంటనే చేస్తే ఫిల్లింగ్ గట్టిగా అతుక్కోదు, రంగూ కుదరదు. ఫిల్లింగులు, క్యాపులు బ్లీచింగుతో తెల్లబడవు. ముందు క్యాపు, తర్వాత బ్లీచింగ్ చేయిస్తే రెండు రంగులు మిగులుతాయి.

చివరి రెండు వారాలు: కొత్త పని ఏదీ వద్దు. ఏదైనా గుచ్చుకుంటున్నా, ఎత్తుగా తగులుతున్నా చూపించుకోండి, చాలు.

క్యాపులకు తొందరపడకండి

పింగాణీ వెనీరుకు పన్ను ముందువైపు సుమారు అర మిల్లీమీటరు అరగదీయాల్సి రావచ్చు, పూర్తి క్యాపుకు చుట్టూరా ఇంకా ఎక్కువ. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఇరవై ఏండ్ల వయసులో పన్ను లోపలి నరం పెద్దదిగా ఉంటుంది. ఎక్కువగా అరగదీస్తే అది దెబ్బతిని రూట్ కెనాల్ వరకు పోవచ్చు. వేసిన క్యాపు జీవితకాలం ఉండదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పదు. గుంటలు పడిన, పెచ్చులూడే పళ్లకు వెనీర్లు మంచి వైద్యమే. మరక ఒక్కటే కారణమైతే మాత్రం అరగదీయని పద్ధతులు చేసి చూసిన తర్వాతనే ఆలోచించండి. పెండ్లి ఫోటోలు రెండు రోజుల పని. పళ్లతో నలభై, యాభై ఏండ్లు అన్నం తినాలి.

ఇటుకపొడి, ఉప్పు, బొగ్గుపొడులతో రుద్దడం, నిమ్మరసంలో వంటసోడా కలిపి పూయడం మానండి. వీటితో ఎనామిల్ అరిగి లోపలి పసుపుపొర బయటపడుతుంది. జివ్వుమనడం మిగులుతుంది.

గుట్కా, ఖైనీ అలవాటున్న యువకులకు ఒక మాట. మీ మూడు వేళ్లను ఒకదానిమీద ఒకటిగా నిలువుగా పెట్టుకుంటే నోట్లో పట్టాలి. పట్టకపోతే, కారం తగిలితే నోరు మండుతుంటే, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ తెల్ల, ఎర్ర మచ్చ గానీ ఉంటే, రంగు సంగతి తర్వాత. ముందు దానిని చూపించుకోండి. అది క్యాన్సరుకు దారితీయవచ్చు.

ఖర్చు గురించి

ఏ పనికి ఎంత, ఎన్నిసార్లు రావాలి అన్నది మొదటిరోజే అడిగి కాగితం మీద రాయించుకోండి. డబ్బు కొద్దిగానే ఉంటే క్లీనింగ్, పిప్పిపళ్ల ఫిల్లింగులు ముందు చేయించుకోండి. చాలామందికి నవ్వు బాగుపడటానికి అవే చాలు. పెండ్లి అప్పులకు క్యాపుల అప్పు కలపకండి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అక్కడా చూపించుకోవచ్చు.

పెండ్లి తర్వాత

మనం చేసే ఈ పనులన్నీ వచ్చిన మరకను తగ్గించేవే. రాకుండా చేయడం పుట్టబోయే బిడ్డ విషయంలో మన చేతిలో ఉంది. పుట్టినప్పటి నుండి ఎనిమిదేండ్లలోపు తాగే నీళ్లే పళ్ల రంగును నిర్ణయిస్తాయి. ముందుపళ్లకు మొదటి మూడు, నాలుగేండ్లు ముఖ్యం. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అనుమతి. మీ బోరునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎక్కువ ఉన్నదని తేలితే బిడ్డ తాగడానికీ, పాలపొడి కలపడానికీ, జావ కాచడానికీ శుద్ధిచేసిన ఆర్‌ఓ నీళ్లు గానీ నదినీటి పథకం నీళ్లు గానీ వాడండి. పేస్టు మింగనివ్వకండి.

పెండ్లి మాటలు మొదలైన ఇంట్లో బట్టలు, బంగారం లెక్కలతోపాటు పళ్ల పరీక్షకు కూడా ఒక తేదీ రాసి పెట్టుకోండి. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారన్న వివరం తెచ్చుకుంటే మాకు సులువవుతుంది.