కేసు ఉన్న ఆటగాణ్ణి ఆడనివ్వాలా?

మీ ఇంట్లోనూ క్రికెట్ పిచ్చివాళ్లు ఉండే ఉంటారు. మా నల్లజర్లలో అయితే మ్యాచ్ ఉన్నరోజు వంటింట్లోకి మంచినీళ్లకి కూడా ఎవరూ రారు. అంత అభిమానించే ఆటగాడి మీద కేసు పడితే? తీర్పు వచ్చేదాకా ఆడనివ్వాలా, పక్కన పెట్టాలా?

మన హైదరాబాదు అజారుద్దీన్ సంగతే చూడండి. 99 టెస్టులు ఆడినవాడు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని హైకోర్టు 2012 నవంబరులో చెప్పింది. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. ఇంక నూరో టెస్టు ఎక్కడిది? తీర్పు వచ్చింది గానీ వయసు తిరిగొస్తుందా!

అలాగని అందర్నీ ఆడించేద్దామా? ఫిర్యాదు చేసింది ఆడపిల్ల అనుకోండి. అతను సిక్సర్లు కొడుతుంటే, ఊరంతా చప్పట్లు కొడుతుంటే, ఆ పిల్ల సాక్ష్యం చెప్పడానికి గడప దాటగలదా?

శ్రీలంక ఆటగాడు గుణతిలక మీద 2022 నవంబరులో ఆస్ట్రేలియాలో లైంగిక దాడి కేసు పెట్టారు. వాళ్ల బోర్డు వెంటనే పక్కన పెట్టింది. 2023 సెప్టెంబరులో కోర్టు నిర్దోషి అంది, నిషేధం తీసేశారు. ఏడాది తిరక్కుండా తేలిపోయింది.

నన్నడిగితే, చిన్నాచితకా కేసులకి ఆట ఆపక్కర్లేదు. మనిషిని కొట్టినా, ఆడదాని మీద చెయ్యి వేసినా మాత్రం తీర్పుదాకా కూర్చోబెట్టాల్సిందే. కాకపోతే ఆ తీర్పు ఏడాదిలో రావాలి, అప్పటిదాకా అతని ఇంటి పొయ్యి ఆరకుండా జీతం ఇవ్వాలి. ఆలస్యమైతే ఇద్దరికీ అన్యాయమే. మరి మీరేమంటారు?