వట్టి మనిషి కాదు

కర్దనూర్ కిరాయి గదుల ముందు నిలబడి "ప్రెగ్నెంటా?" అని నేనెప్పుడూ గట్టిగా అడగను. లోపలికి వెళ్లి కూర్చున్నాక, "నెల తప్పిందా అమ్మా?" అంటాను. పక్క గదిలో ఉండేది పటాన్‌చెరు కంపెనీలో ఆమెతో కలిసి షిఫ్టుకు పోయే మనిషే. సంగతి సూపర్‌వైజర్ చెవిన పడితే పని పోతుందని కాంట్రాక్టు అమ్మాయిల భయం. ఆ భయంతో దాచిపెడితే రక్తపరీక్ష ఆలస్యం, ఐరన్ మాత్రలు ఆలస్యం. ఆశా కార్యకర్తగా నా పని మాటతోనే మొదలవుతుంది.

మాటలకు మనకేం కొదవ లేదు. నెల తప్పింది, కడుపుతో ఉంది, నీళ్లు పోసుకుంది, వట్టి మనిషి కాదు. నెలలు నిండితే నిండు చూలాలు. చూలు సంస్కృతం నుంచి వచ్చింది కాదు, పాత ద్రావిడ మాట. తమిళంలోనూ సూల్ అంటారు. బిహార్ నుంచి వచ్చినవాళ్లు 'పావ్ భారీ' అంటారు, కాళ్లు బరువెక్కాయని. పశువులకు మనం వేరే మాటలు పెట్టుకున్నాం: సూడి బర్రె, ఈనింది. వాటిని ఆడమనిషికి వాడితే తిట్టే. గొడ్రాలు అన్నది ఇక ఎవరి నోటా రాకూడని మాట.

రికార్డుల్లో రాసే గర్భిణి సంస్కృతం. సుశ్రుత సంహితలో ఇంకో మాట ఉంది, దౌహృదిని. నాలుగో నెలలో లోపలి బిడ్డకూ హృదయం ఏర్పడుతుంది కాబట్టి తల్లి రెండు హృదయాల మనిషి అని, ఆమె కోరింది కాదనకూడదని ఆ పెద్దల లెక్క. నాకు ఈ మాట ఎంతో ఇష్టం. పుల్లమామిడి అడిగిందని కోడలిని విసుక్కునే అత్తలకు ఇదే చెప్తాను.

కడుపు అనే మాటకు మర్యాద దాని పక్కన వచ్చే క్రియను బట్టి ఉంటుంది. 'కడుపుతో ఉంది' అంటే ఇంటిల్లిపాదికీ సంబరం. 'కడుపు తెచ్చుకుంది' అంటే నింద. పెళ్లి కాని పిల్ల గురించి వినబడేది ఎప్పుడూ రెండోదే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తెచ్చిన చేతిపుస్తకం 'పెళ్లికాని తల్లి' అనొద్దు, తల్లి అంటే చాలు అంది. మన వాడల్లోకీ ఆ మాట రావాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది గర్భిణి కార్డు మీది ఒక అక్షరం. 'జి3 పి1 ఎల్1 ఏ1' అని రాస్తారు. ఇది మూడో గర్భం, ఒక కాన్పు అయింది, ఒక బిడ్డ ఉంది, ఒక గర్భం పోయింది అని అర్థం. ఏ అంటే అబార్షన్. దానంతటదే పోయినా, తీయించుకున్నా వైద్యంలో ఒకటే పేరు. మన వాడుకలో మాత్రం అబార్షన్ అంటే తీయించుకోవడమే. మూడో నెలలో కడుపు పోయి కుమిలిపోతున్న తల్లిని "అబార్షన్ చేయించుకున్నావా?" అని అడిగితే ఆమె గుండె పగలదా? "గర్భం నిలవలేదా అమ్మా?" అంటే అదే వివరం తెలుస్తుంది, ఆమె తల దించుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. కడుపు పోయిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి మర్నాడే షిఫ్టుకు పోతారు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావమైతే జీతంతో 6 వారాల సెలవు ఇచ్చింది. 2017 సవరణతో, బతికున్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉన్న తల్లికి కాన్పుకు 26 వారాలు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్‌ఐ నుంచి వస్తుంది. దేనికైనా డాక్టరు కాగితం కావాలి. అందుకే కడుపు నిలవని తల్లి దగ్గరికి వెళ్తే, ఓదార్చాక ముందు అడిగేది ఆసుపత్రి చీటీ దాచిందా అనే.