కారు తలుపు దీపం వెలగకపోతే...

కారులోని పరికరాలన్నింటిలో అతి తక్కువ గౌరవానికి నోచుకున్నది లోపలి కప్పుకు అమర్చిన చిన్న దీపం. తలుపు తెరవగానే వెలిగి, మూయగానే ఆరిపోయే ఈ దీపం సక్రమంగా పనిచేస్తున్నంత కాలం దాని ఉనికినే మనం గమనించము. అది మొరాయించిన నాడు మాత్రం, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన ఉద్యోగి సీటు బెల్టు కోసం చీకటిలో తడుముకోవలసి వస్తుంది. పసిబిడ్డను ఎత్తుకొని దిగే ఇల్లాలు అడుగు ఎక్కడ పడుతున్నదో తెలియక తడబడవలసి వస్తుంది.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. మన దేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి గనుక, రోడ్డు పక్కన నిలిపిన కారులో డ్రైవరు తలుపు వాహనాలు వచ్చే వైపుకే తెరుచుకుంటుంది. వెనుకనుండి వచ్చే సైకిలు, స్కూటరు చోదకులకు తెరిచిన తలుపు ఉనికిని తెలియజేయడంలో ఈ వెలుగు కొంత తోడ్పడుతుంది. కొన్ని కార్లలో ఇందుకోసమే తలుపు అంచున ఎర్రని దీపాన్ని కూడా అమరుస్తారు. కనుక ఈ చిన్న లోపాన్ని ఉపేక్షించరాదు. సంతోషకరమైన విషయమేమిటంటే, చాలా సందర్భాలలో దీనిని ఇంటివద్దనే, స్వల్ప వ్యయంతో సరిచేసుకోవచ్చును.

దీపం వెలిగే విధానం

ఇంటిలో స్విచ్చిని దాటిన తరువాతనే విద్యుత్తు దీపానికి చేరుతుంది. మారుతి 800 తరానికి చెందిన అనేక కార్లలో అమరిక ఇందుకు భిన్నం. 12 వోల్టుల బ్యాటరీ ధన ధ్రువం నుండి వచ్చే తీగ ఫ్యూజు గుండా నేరుగా దీపం వరకు వస్తుంది. రుణ ధ్రువం కారు బాడీకి కలపబడి ఉంటుంది. తలుపు చట్రంలో రబ్బరు టోపీ తొడిగిన చిన్న మీట ఒకటి కనిపిస్తుంది. అదే తలుపు స్విచ్చి. తలుపు మూసినప్పుడు మీట లోనికి నొక్కుకొని వలయం తెగిపోతుంది. తెరిచినప్పుడు స్ప్రింగు బలంతో మీట పైకి వచ్చి, దీపం నుండి వచ్చిన తీగను బాడీకి కలుపుతుంది, దీపం వెలుగుతుంది. ఈ సూత్రం అవగతమైతే సగం మరమ్మతు పూర్తయినట్లే.

మొదటి పరీక్ష

దీపం వద్దనే సాధారణంగా మూడు స్థానాలు గల స్విచ్చి ఉంటుంది. ఒకటి ఎల్లప్పుడూ వెలిగేది, రెండవది ఎల్లప్పుడూ ఆరి ఉండేది, మూడవది తలుపుతో పాటు వెలిగేది. కారు తుడిచేటప్పుడో, పిల్లల చేతి ఆటవల్లనో ఇది స్థానం మారి ఉండవచ్చును. ముందుగా దీనిని చూడాలి.

తరువాత స్విచ్చిని ఎల్లప్పుడూ వెలిగే స్థానంలో ఉంచాలి. దీపం వెలిగితే బల్బు, ఫ్యూజు రెండూ బాగున్నట్లే. లోపం తలుపు స్విచ్చి వైపు ఉన్నదని గ్రహించాలి. వెలగకపోతే లోపాన్ని ఫ్యూజులోనో, బల్బులోనో, విద్యుత్తును తెచ్చే తీగలోనో వెదకాలి. ఒక్క తలుపు తెరిచినప్పుడు మాత్రమే వెలగకపోతే దోషం ఆ తలుపు స్విచ్చిది. ఏ తలుపు తెరిచినా వెలగకపోతే అన్ని స్విచ్చిలూ ఒకేసారి చెడిపోవడం అరుదు గనుక, వాటన్నింటినీ దీపానికి కలిపే ఉమ్మడి తీగను అనుమానించాలి.

ఫ్యూజు, బల్బు

చాలా కార్లలో ఈ దీపానికి, గడియారానికి లేక రేడియోకు ఒకే ఫ్యూజు ఉంటుంది. అవి కూడా పనిచేయకపోతే ఫ్యూజు పోయినదని భావించవచ్చును. కొత్త ఫ్యూజు అదే సామర్థ్యం గలదై ఉండాలి. నేటి రెక్కల ఫ్యూజులలో 10 ఆంపియర్లది ఎరుపు, 15 ఆంపియర్లది నీలం, 20 ఆంపియర్లది పసుపు రంగులో ఉంటాయి. మళ్ళీ మళ్ళీ పోతున్నదని పెద్ద ఫ్యూజు వేయడం, లేదా రాగితీగ చుట్టడం అగ్నిప్రమాదానికి స్వాగతం పలకడమే. ఫ్యూజు పదేపదే పోవడమంటే ఎక్కడో తీగ ఒరుసుకొని బాడీకి తగులుతున్నదని అర్థం.

బల్బు సాధారణంగా 5 లేక 10 వాట్లది. రెండు కొనలకు లోహపు టోపీలు గల గాజు గొట్టం వలె ఉంటుంది. దానిని పట్టి ఉంచే రేకులు వదులైనా, చిలుము పట్టినా వెలగదు. రేకులను శుభ్రపరచి కొద్దిగా లోనికి వంచితే సరిపోవచ్చును. దీని స్థానంలో ఎల్‌.ఇ.డి. బల్బు వేసినప్పుడు వెలగకపోతే ఒకసారి తిప్పి అమర్చి చూడాలి. వాటిలో కొన్నింటికి ధన రుణ భేదం ఉంటుంది.

తలుపు స్విచ్చి

వాననీరు, దుమ్ము, తుప్పు దీనికి శత్రువులు. సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. స్విచ్చిని పట్టి ఉంచిన మరను విప్పి మెల్లగా బయటికి లాగాలి. తీగ స్తంభంలోనికి జారిపోకుండా వెంటనే టేపుతో అంటించాలి. పాత తరం కార్లలో ఆ తీగ కొనను రంగు లేని బాడీ లోహానికి తాకించి చూడవచ్చును. దీపం వెలిగితే స్విచ్చి చెడినట్లు. వెలగకపోతే తీగ తెగినట్లు. అనేక స్విచ్చిలకు ఆ మర ద్వారానే బాడీతో సంబంధం ఏర్పడుతుంది. కనుక కొత్త స్విచ్చి కొనే ముందు మరను, దాని రంధ్రాన్ని ఎమరీ కాగితంతో రుద్ది చూడడం మేలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

తలుపులోనే అమర్చిన దీపమైతే, తలుపుకు చట్రానికి మధ్యనున్న రబ్బరు గొట్టాన్ని పరీక్షించాలి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అందులోని తీగలు వంగి, కొంతకాలానికి పైపొర చెక్కుచెదరకుండానే లోపల తెగిపోతాయి. తలుపును మెల్లగా కదిలించినప్పుడు దీపం మిణుకుమంటే ఇదే కారణం. తీగను అతికేటప్పుడు అతుకు వంగే భాగంలో రాకుండా చూడాలి.

ఆరని దీపం

వెలగని దీపం కంటె ఆరని దీపం మరింత ప్రమాదకరం. మీట ఇరుక్కుపోయినా, తలుపు కుంగి మీటను సరిగా నొక్కకపోయినా ఇట్లు జరుగుతుంది. 10 వాట్ల దీపం గంటకు సుమారు 0.83 ఆంపియర్-గంటలు హరిస్తుంది. శనివారం సాయంత్రం 7 గంటలకు నిలిపిన కారు సోమవారం ఉదయం 7 గంటలకు, అనగా 36 గంటలలో, 30 ఆంపియర్-గంటలు కోల్పోతుంది. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యమే 35 ఆంపియర్-గంటలు అయినప్పుడు, సోమవారం నాడు డ్యూటీకి ఎట్లు చేరుకోగలమో పాఠకులే ఊహించవచ్చును.

కొత్త తరం కార్లు

నేటి కార్లలో మీట స్విచ్చి చాలావరకు కనుమరుగై, తలుపు గడియలోనే సూక్ష్మమైన స్విచ్చి ఇమిడి ఉంటుంది. అది ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరానికి సంకేతం పంపితే, ఆ పరికరం దీపాన్ని వెలిగిస్తుంది. తలుపు తెరిచినా డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక గుర్తు రాకపోతే లోపం గడియలో ఉండవచ్చును. గుర్తు వచ్చి దీపం మాత్రం వెలగకపోతే బల్బు వైపు చూడాలి. తలుపు చాలాసేపు తెరిచి ఉంచితే బ్యాటరీని కాపాడడానికి దీపం తనంతట తానే ఆరిపోయే ఏర్పాటు కూడా కొన్నింటిలో ఉంటుంది; అది లోపం కాదు. ఇట్టి కార్లలో తీగలను బాడీకి తాకించే పరీక్ష చేయరాదు. పసుపు తొడుగు గల తీగలు ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. వాటి జోలికి ఎంతమాత్రం పోరాదు.

తీగలు అతికే పని ఏదైనా, ముందుగా బ్యాటరీ రుణ ధ్రువాన్ని విడదీసిన తరువాతనే ప్రారంభించాలి. ఒక పరీక్ష ఫలితం చూసిన పిదపనే రెండవదానికి పోవాలి. యంత్రాగారంలో మనం పాటించే క్రమశిక్షణ ఇదే. ఇంటి ముంగిట నిలిపిన కారుకు కూడా అది వర్తిస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఆదివారం పగటి వెలుతురు ఉండగానే నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఆ పరీక్షకు పట్టేది రెండే నిమిషాలు.