స్లాట్లు నాలుగు, దారులెన్ని?

డెస్క్‌టాప్ కేబినెట్ పక్క పలక విప్పితే మదర్‌బోర్డు మీద మూడు నాలుగు పొడుగాటి స్లాట్లు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డుకు ఒకటి పోయినా మిగతావి ఖాళీయే కదా, వీడియో క్యాప్చర్ కార్డూ వేగమైన నెట్‌వర్క్ కార్డూ కూడా కొనేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. కార్డులు ఇమిడిపోతాయి కూడా. అన్నీ పూర్తి వేగంతో నడుస్తాయా అన్నది మాత్రం స్లాట్లను లెక్కపెడితే తేలదు.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ఐదు స్లాట్లుండేవి. అప్పటి కొరత ఐఆర్‌క్యూలది. కార్డుకు ప్రాసెసర్‌తో పని పడ్డప్పుడు పిలిచేందుకు వాడే సంకేతాల తీగలవి. తొలి పీసీకి ఎనిమిదే. 1984 నాటి పీసీ ఏటీలో 15 అయ్యాయి. కీబోర్డు, గడియారం, డిస్కులు పంచుకోగా మిగిలేవి కొన్నే. సౌండ్ కార్డును 7వ నంబరు మీద పెడితే ప్రింటర్ పోర్టుదీ అదే నంబరు కాబట్టి రెండింటికీ పేచీ వచ్చేది. అప్పుడు కార్డు బయటికి తీసి, రెండు పిన్నులను కలుపుతూ తొడిగిన జంపర్‌ను, అంటే వడ్లగింజంత ప్లాస్టిక్ తొడుగును, గోటితో లాగి పక్క పిన్నులకు తొడగాలి. 1992 నాటి పీసీఐ ప్రమాణం, తర్వాత విండోస్ 95 ఆ బాధను చాలావరకు తీర్చాయి.

ఇప్పటి కొరత లేన్లది, అంటే డేటా నడిచే దారులది. ఇప్పటి స్లాట్లు వాడే, 2004లో పీసీల్లోకి వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూపకల్పనలో, యూఎస్‌బీతో పేరు తెచ్చుకున్న, బరోడాలో చదివిన అజయ్ భట్‌కూ భాగముంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ప్రతి లేన్‌కూ పంపేందుకు ఒక జత తీగలు, అందుకునేందుకు ఒక జత ఉంటాయి. మూడో తరం లేన్ ఒక్కో దిశలో సెకనుకు సుమారు 985 మెగాబైట్లు మోస్తుంది. నాలుగో తరంలో అది రెట్టింపు, ఐదో తరంలో మళ్లీ రెట్టింపు.

ఇంటెల్ 12వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే లేన్లు 20. గ్రాఫిక్స్‌కు 16, ఎస్ఎస్‌డీకి 4 అనుకుంటే అక్కడితో సరి. మిగతా స్లాట్లు మదర్‌బోర్డు మీదుండే మరో చిప్, చిప్‌సెట్ మీద ఆధారపడతాయి. వీధి కొళాయిలన్నీ ఒకే గొట్టం నుంచి నీళ్లు తీసుకున్నట్టు, చిప్‌సెట్ వెనకున్న స్లాట్లు, యూఎస్‌బీ పోర్టులు, సాటా డిస్కులు అన్నీ ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే లింకును పంచుకుంటాయి.

అసలు చిక్కు ఎక్కడొస్తుందో ఇంటెల్ ఎక్స్540 నెట్‌వర్క్ కార్డును చూస్తే తెలుస్తుంది. సెకనుకు 10 గిగాబిట్ల కార్డది. రెండో తరం, 8 లేన్లు. దాన్ని చూడ్డానికి 16 లేన్ల పొడవున్నా లోపల ఒక్క లేనే కలిపిన స్లాట్‌లో పెడితే? స్లాట్ నాలుగో తరానిదైనా కార్డు తన రెండో తరాన్ని దాటి వెళ్లలేదు. దక్కేది 500 మెగాబైట్లు, అంటే 4 గిగాబిట్లు. కావలసినవి 1,250 మెగాబైట్లు! విండోస్ మాత్రం పరికరం సవ్యంగా పనిచేస్తోందనే చూపిస్తుంది. పెద్ద ఫైలు కాపీ చేసేదాకా ఎవరికీ అనుమానం రాదు. కొనేముందు మదర్‌బోర్డు మాన్యువల్లో లేన్ల పట్టిక చదవడం అందుకే తప్పనిసరి. రెండో పెద్ద స్లాట్ నిండగానే మొదటిది 16 నుంచి 8 లేన్లకు దిగుతుందా, ఎం.2 ఎస్ఎస్‌డీ పెడితే ఏదైనా స్లాట్ లేదా సాటా పోర్టు ఆగిపోతుందా అన్నవి అక్కడే రాసి ఉంటాయి.

చోటు సంగతీ చూసుకోవాలి. స్లాట్ల మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లే, లావుపాటి గ్రాఫిక్స్ కార్డు మూడింటి చోటు తినేస్తుంది. దాని ఫ్యాన్లకు ఆనుకొని మరో కార్డు పెడితే గాలి ఆడదు. స్లాట్ నుంచి వచ్చే కరెంటు గరిష్ఠంగా 75 వాట్లు. ఆపైన కావాలంటే పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) నుంచి వేరే కేబుల్ రావాలి.

బిగించేటప్పుడు కరెంటు తీగ ఊడదీసి, స్థిర విద్యుత్తు పోయేలా కేబినెట్ లోహాన్ని తాకి, ఒక్కో కార్డే పెట్టి ప్రతిసారీ ఆన్ చేసి చూడటం మేలు. తేడా వస్తే ఏ కార్డుతో వచ్చిందో వెంటనే తెలుస్తుంది. లేన్లు ఎన్ని దక్కాయో జీపీయూ-జెడ్ వంటి ఉచిత ప్రోగ్రాములు గ్రాఫిక్స్ కార్డు విషయంలో చూపిస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం ఆ కార్డు లింకు వేగం మొదటి తరానికి పడిపోతుంటుంది కాబట్టి, ఏదైనా గేమ్ నడుస్తుండగా ఆ అంకె చూడాలి.