పశువు రక్తములోని కాపలాదారులు

కాలిలో ముల్లు విరిగినచో రెండు మూడు రోజులలో అచ్చట వాచి చీము పట్టుట మీరెరిగినదే. చీమును చెడు రక్తమని పలువురు తలచెదరు. నిజమునకు క్రిములతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణములే అందులో అధికముగా నుండును.

1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి, మరునాడు సూక్ష్మదర్శినిలో చూచెను. ముల్లు చుట్టును కణములు మూగియుండెను. ఈ పరిశోధనలకు 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఆవు రక్తము ఒక ఘన మిల్లీమీటరులో ఈ కణములు సుమారు 4,000 నుండి 12,000 వరకు ఉండును. ఇందు ముఖ్యముగా రెండు తెగలు గలవు. ఒక తెగ క్రిమిని పట్టి మ్రింగివేయును. రెండవ తెగ క్రిమి ఆనవాలు పట్టి, దానికి తగిన విరుగుడు పదార్థములను తయారు చేయును. ఆ క్రిమిని జ్ఞాపకముంచుకొనును. అయితే క్రొత్త క్రిమికి చాలినంత విరుగుడు సిద్ధమగుటకు రెండు మూడు వారములు పట్టును.

చిక్కు ఇచ్చటనే యున్నది. గొంతువాపు తగిలిన గేదెకు తీవ్ర జ్వరము, గొంతు క్రింద వాపు, గురక కలిగి, ఒకటి రెండు రోజులలోనే ప్రాణము పోవచ్చును. కణములు సిద్ధమగునంతవరకు రోగము ఆగదు. టీకామందులోని చచ్చిన క్రిములు రోగము కలిగింపవు గాని, కణములకు ముందుగానే ఆనవాలు చూపును.

మన కోనసీమలో వరదనీరు లంకలను ముంచినప్పుడు పశువులను గట్లమీదకు తోలుదుము. తడుపు, మేత కొరత, ఒత్తిడి వలన కణముల శక్తి తగ్గును. మంద క్రిక్కిరిసి రోగము త్వరగా అంటుకొనును. కావున వానలకు ముందే, మే నెలలోనే, టీకా వేయించవలెను.

టీకా వేసినచో పాలు తగ్గునని కొందరు వెనుకాడుదురు. ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరము, సూది గ్రుచ్చినచోట గడ్డ, పాల తగ్గుదల కలుగవచ్చును. అది కణములు పని మొదలుపెట్టిన గుర్తు. నాలుగు శేర్ల పాలకు వెరచి గేదెనే పోగొట్టుకొనుట లాభమా?

గుర్తుంచుకొనవలసినవి:

1. ఆరు నెలలు నిండిన ప్రతి పశువునకు ఏటేటా గొంతువాపు టీకా వేయించి, తేదీ వ్రాసి ఉంచుడు. ఈ టీకా బలము ఎల్లకాలము నిలువదు.

2. దూడ తల్లి కడుపులో నుండగా విరుగుడు పదార్థములు దానికి చేరవు, ముర్రుపాలలోనే లభించును. ఈనిన గంట రెండు గంటలలో కడుపునిండ త్రాగించుడు. ఒక దినము దాటిన పిదప దూడ ప్రేగులు వాటిని గ్రహింపజాలవు. దూడ త్రాగగా మిగిలినవే జున్నుకు.

3. జ్వరము, గురక కనబడిన పశువును వేరుచేసి, వెంటనే పశువైద్యునికి చూపుడు. టీకా రోగమునకు మందు కాదు.

పశువులను మందలు మందలుగా చంపిన ముసర వ్యాధి టీకాల వలననే అణగి, 2011లో ప్రపంచమంతట రూపుమాసినట్లు ప్రకటింపబడినది. వరద వచ్చిన పిదప గోదావరికి గట్టు వేయువారు లేరు. పశువు రక్తములోని గట్టు కూడ అట్టిదే.