పద్దెనిమిదేళ్ళ తర్వాత: అమెరికా కాలేజీల్లో యూదు విద్యార్థులు

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1920ల తొలినాళ్ళలో ఎడ్వర్డ్ చాన్సీ బాల్డ్విన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు ఉండేవారు. ఆయన క్రైస్తవుడు. తన దగ్గర చదివే యూదు పిల్లలకు తమ సొంత గ్రంథంలో ఏముందో తెలియకపోవడం చూసి మనసు కష్టపెట్టుకున్నారు. వీళ్ళ కోసం ఏదో ఒకటి చెయ్యండని యూదు పెద్దల వెంటపడ్డారు. 1923లో బెంజమిన్ ఫ్రాంకెల్ అనే యువ రబ్బీ (యూదు మతగురువు) ఆ పని తలకెత్తుకుని, రెండువేల ఏళ్ళనాటి యెరూషలేము పండితుడు హిల్లెల్ పేరుతో ఒక సంస్థ మొదలుపెట్టారు. ఫ్రాంకెల్ 1927లో, ముప్పయ్యేళ్ళకే కన్నుమూశారు. ఆయన నాటిన హిల్లెల్ ఇవాళ ప్రపంచంలో 800కు పైగా కాలేజీలకు పాకింది.

ఇంట్లో ఉన్నంతకాలం పండగలూ ప్రార్థనలూ అమ్మానాన్నల బాధ్యత. పెళ్ళై పిల్లలు పుట్టాక గుడి మళ్ళీ గుర్తొస్తుంది. నడుమ ఉన్న ఆ పదేళ్ళూ ఎవరు చూసుకోవాలి? అమెరికా యూదులు ఈ ప్రశ్నను నూరేళ్ళుగా వదలకుండా పట్టుకున్నారు. దీనికోసం డబ్బు పెట్టారు, పోట్లాడుకున్నారు, పొరపాట్లు చేసి దిద్దుకున్నారు. అమెరికాలో పిల్లల్ని కాలేజీలకు పంపుతున్న తెలుగు కుటుంబాలు ఈ కథ తెలుసుకోవడం అవసరం.

మొదట్లో అసలు కాలేజీలో సీటు దొరకడమే కష్టం. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదు విద్యార్థుల్ని 15 శాతానికి మించనివ్వకూడదని ప్రతిపాదించారు. అప్పటికి వాళ్ళు ఐదోవంతు పైచిలుకు ఉన్నారు. ప్రతిపాదన వీగిపోయింది గానీ, దరఖాస్తులో ఫొటో అడగడం, ‘వ్యక్తిత్వం’ తూచడం వంటి దొడ్డిదారుల్లో సంఖ్య తగ్గించారు. విద్యార్థి సంఘాలు గుమ్మం తొక్కనివ్వకపోతే యూదు పిల్లలు సొంత సంఘాలు పెట్టుకున్నారు. 1898లో జీటా బీటా టౌ, 1913లో ఆల్ఫా ఎప్సిలాన్ పై అలా పుట్టినవే. మరిచిపోదామన్నా తామెవరో చుట్టూ ఉన్నవాళ్ళు మరవనివ్వని రోజులవి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ గోడలు ఒక్కొక్కటిగా కూలాయి. ఇక యూదుగా ఉండాలా వద్దా అన్నది పిల్లల ఇష్టమైంది. ప్యూ పరిశోధన సంస్థ 2020 సర్వే ప్రకారం 18 నుంచి 29 ఏళ్ళ యూదుల్లో పదిమందికి నలుగురు తమకు మతమంటూ ఏమీ లేదన్నారు. పుట్టుకవల్లో సంస్కృతివల్లో యూదులమని చెప్పుకుంటారు, అంతే. అదే వయసులో 17 శాతం నిష్ఠగల ఆర్థడాక్సులు. 65 దాటిన వాళ్ళలో ఆర్థడాక్సులు మూడు శాతమే. ఇలా రెండు కొసలకూ సాగిన తరానికి ఒకే బోధ సరిపోదు.

ఈ సంగతి పెద్దలకంటే ముందు పిల్లలకే తెలిసింది. 1969 నవంబరులో బోస్టన్‌లో యూదు సమాఖ్యల వార్షిక సభ జరుగుతుంటే విద్యార్థులు వెళ్ళి నిరసన తెలిపారు. ఆస్పత్రులకూ సహాయ నిధులకూ కోట్లు కుమ్మరిస్తున్నారు, మా చదువుకూ సంస్కృతికీ ఏమిస్తున్నారని నిలదీశారు. ఆ తరంవాళ్ళే 1973లో ‘జ్యూయిష్ కేటలాగ్’ అనే పుస్తకం తెచ్చారు. పండగ ఎలా చెయ్యాలి, కొవ్వొత్తి ఎలా పొయ్యాలి, రొట్టె ఎలా అల్లాలి అన్నీ చేత్తో చేసి చూపించే పుస్తకం అది. లక్షల్లో అమ్ముడుపోయింది.

యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. ఆ వేళ ఏదైనా పెద్ద కాలేజీలో హిల్లెల్ భవనానికి వెళ్తే, ఒకే బోధ అందరికీ చాలదన్న ఆలోచన ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూడవచ్చు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు కొవ్వొత్తులు వెలుగుతాయి. ఒక గదిలో ఆడా మగా మధ్య తెర కట్టుకుని ఆర్థడాక్సుల ప్రార్థన సాగుతుంటే, పక్క గదిలో ఆచారాల పట్టింపు తక్కువైన రిఫార్మ్ శాఖ పిల్లలు గిటారుతో పాడుతుంటారు. తర్వాత అందరూ ఒకే భోజనశాలకు చేరతారు. చాలామందికి 21 ఏళ్ళు నిండవు కనుక వైన్ బదులు ద్రాక్షరసం పోస్తారు. జడలా అల్లిన హల్లా రొట్టెలు రెండు, గుడ్డ కప్పి పెట్టి ఉంటాయి. చేతులు కడుక్కున్నవాళ్ళు రొట్టె తుంచేదాకా మాట్లాడరు. నిష్ఠగలవాళ్ళు మర్నాడు చీకటిపడేదాకా ఫోను ముట్టుకోరు, లిఫ్టు మీట నొక్కరు. వంటింట్లో మాంసం గిన్నెలు వేరు, పాలగిన్నెలు వేరు. మన అమ్మమ్మల మడి వంటిల్లు చూసినవాళ్ళకు ఈ పట్టింపు కొత్తగా అనిపించదు. పక్క బల్ల దగ్గర ఒక్క ప్రార్థనా రాని కుర్రాడు పులుసు గిన్నె అందిస్తుంటాడు. నీకేం వచ్చు అని అతన్ని ఎవరూ అడగరు.

పని అప్పజెప్పిన చోట పిల్లలు నిలబడ్డారు. 2004లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ కాలేజీలో ఒక విద్యార్థిని స్నేహితులతో కలిసి హల్లా రొట్టెలు కాల్చి అమ్మడం మొదలుపెట్టింది. ఆ డబ్బు సూడాన్‌లోని డార్ఫుర్ యుద్ధ బాధితులకు వెళ్ళింది. ‘హల్లా ఫర్ హంగర్’ పేరుతో అది ఎన్నో కాలేజీలకు పాకింది. ఉపన్యాసానికి రాని పిల్లలు పిండి పిసకడానికి వచ్చారు.

హిల్లెల్ ఒక్కటే దారి కాదు. చబాద్ అనే ఆర్థడాక్స్ సంస్థ 1969లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన చబాద్ ఇళ్ళలో రబ్బీ, ఆయన భార్య, వాళ్ళ పిల్లలు కాలేజీ పక్కనే కాపురముండి విద్యార్థుల్ని సొంత ఇంటికి భోజనానికి పిలుస్తారు. 1999 నుంచి బర్త్‌రైట్ సంస్థ యువతను పదిరోజుల ఉచిత ఇజ్రాయెల్ యాత్రకు తీసుకెళ్తోంది.

ఇజ్రాయెల్ మాట వస్తే అంతా ఒక్కతాటిమీద లేరు. ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలనే వాళ్ళతో కలిసి సభలు పెట్టకూడదని హిల్లెల్ 2010లో నియమాలు పెట్టింది. 2013లో స్వార్త్‌మోర్ కాలేజీ హిల్లెల్ విద్యార్థులు వాటిని పాటించమన్నారు. 2015లో ఏకంగా హిల్లెల్ పేరే వదిలేసుకున్నారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి, ఆ తర్వాతి గాజా యుద్ధం ఈ చీలికను లోతు చేశాయి. భయంతో హిల్లెల్ గుమ్మం మొదటిసారి తొక్కినవాళ్ళున్నారు. 2024 ఏప్రిల్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో గాజా యుద్ధ నిరసన శిబిరంలోనే పస్కా పండగ భోజనం చేసుకున్న యూదు విద్యార్థులూ ఉన్నారు. రెండు పక్షాలవాళ్ళూ తమ మాటకు ఆధారం యూదు సంప్రదాయంలోనే వెతుక్కున్నారు. పెద్దలకు ఇది మింగుడుపడని విషయమే. అయినా పట్టించుకోనివాళ్ళు ఇంతగా పోట్లాడుకోరు.

చదువు వైపూ యూదులు ముందే చూసుకున్నారు. 1930లో దాత ఇచ్చిన నిధితో కొలంబియాలో యూదు చరిత్ర పీఠం ఏర్పడి, సాలో బారన్ ఆచార్యులయ్యారు. తెలుగుకూ ఇలాంటి ప్రయత్నాలున్నాయి: విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు పాఠం చెప్పారు, బర్కిలీలో తెలుగు తరగతులున్నాయి. 2008లో ప్రిన్స్‌టన్ హిందూ విద్యార్థుల కోసం పూర్తికాలపు చాప్లిన్‌ను (మత మార్గదర్శిని) నియమించింది. కానీ తెలుగు సంఘాలు మహాసభలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే కాలేజీ పిల్లల కోసం పెడుతున్నది తక్కువే అనిపిస్తుంది.

ఆగస్టులో పిల్లల్ని దింపడానికి వెళ్ళే తల్లిదండ్రులకు ఆ కాలేజీలో హిల్లెల్ ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. శుక్రవారం భోజనానికి చాలాచోట్ల ఏ మతం పిల్లలైనా వెళ్ళవచ్చు. వంట ఎవరిది, ఖర్చు ఎవరిది, నిర్ణయాలు ఎవరివి అని అడిగితే అక్కడి విద్యార్థులే వివరంగా చెబుతారు.