పీసీఓఎస్: అన్నం మానేయడం కాదు, కంచంలోకి పప్పు రావాలి

నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తుంది. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు. స్కాన్ చేయిస్తే 'నీటి బుడగలు' అని రిపోర్టు వస్తుంది. డాక్టర్ మందులు రాసి చివర్లో ఒక మాట అంటారు: 'అన్నం తగ్గించు, బరువు తగ్గు.' అన్నం తగ్గిస్తే ఆ చోట ఏం తినాలో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఇంటర్నెట్‌లో వెతికితే కినోవా, అవకాడో, బాదం పాలు కనిపిస్తాయి. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండే అమ్మాయికి, రేషన్ బియ్యం మీద నడిచే ఇంటికి ఆ జాబితాలో అందేది ఒక్కటీ లేదు.

రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే ఆహారం, అంటే గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువగా ఉండే ఆహారం, పీసీఓఎస్‌ను అదుపులో ఉంచడానికి సాయపడుతుందని అంటారు. ఆ మాటలో నిజమెంత, మన వంటింట్లో అలాంటివి ఏమున్నాయి, అవి మన కంచంలోకి రాకుండా అడ్డుపడుతున్నదేమిటి అన్నది ఇక్కడ చూద్దాం.

ఒంట్లో జరుగుతున్నదేమిటి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి 100 మంది స్త్రీలలో 10 నుంచి 13 మందికి పీసీఓఎస్ ఉంటుంది. వాళ్లలో 70 శాతం దాకా ఆ సంగతే తెలియనివాళ్లు. స్కాన్‌లో కనిపించే 'నీటి బుడగలు' నిజానికి బుడగలు కావు. పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండాల సంచులు. అవి కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ ఉన్నట్టు కాదు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండటం, స్కాన్‌లో ఆ సంచులు కనిపించడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. మిగతా కారణాలు, ముఖ్యంగా థైరాయిడ్, లేవని పరీక్షించి తేల్చుకోవాలి. రజస్వల అయిన తొలి ఏళ్లలో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల్లోనూ ఆ సంచులు కనిపిస్తాయి కాబట్టి ఆ వయసులో స్కాన్ మీద ఆధారపడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇందులో తిండి పాత్ర ఇన్సులిన్ ద్వారా వస్తుంది. మనం తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి రక్తంలోకి వస్తాయి. ఆ చక్కెరను కండరాలకు చేర్చే హార్మోన్ ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. అదే పని జరగడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాలను పురికొల్పి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. అండం విడుదల ఆగుతుంది, నెలసరి తప్పుతుంది. సన్నగా ఉన్నవాళ్లకూ ఇలా జరగవచ్చు. అందుకే 'లావు వల్ల తెచ్చుకున్నావు' అనే మాట తప్పు. 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అనేది అంతకంటే పెద్ద తప్పు.

గ్లైసీమిక్ ఇండెక్స్ చెప్పేది, చెప్పనిది

ఒక పదార్థం తిన్నాక రక్తంలో చక్కెర ఎంతగా పెరుగుతుందో, శుద్ధ గ్లూకోజ్‌ను 100గా తీసుకుని కొలిచే అంకె గ్లైసీమిక్ ఇండెక్స్. క్లుప్తంగా జీఐ. 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రతిపాదించింది. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 వరకు మధ్యస్థం, 70 ఆపైన ఎక్కువ.

2008లో వెలువడిన అంతర్జాతీయ పట్టికలో సగటు అంకెలు ఇలా ఉన్నాయి. తెల్లన్నం 73. ముడిబియ్యం అన్నం 68. చపాతీ 52. శనగలు 28. రాజ్మా 24. సోయా గింజలు 16. అరటిపండు 51. కార్న్‌ఫ్లేక్స్ 81. డైట్ చార్టుల్లో మొదట కనిపించే ఓట్స్ సంగతి చూడండి. మామూలు ఓట్స్ జావ 55, ప్యాకెట్ విప్పి వేడినీళ్లు పోసుకునే ఇన్‌స్టంట్ ఓట్స్ 79. అంటే తెల్లన్నం కంటే ఎక్కువ. డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన మంచి తిండి అయిపోదు.

ఈ అంకె ఒక్కటే చూస్తే పొరబడతాం. ఎంత తిన్నామన్నది కూడా ముఖ్యం. దానికి గ్లైసీమిక్ లోడ్ అనే లెక్క ఉంది: జీఐని ఆ వడ్డనలోని పిండి పదార్థాల గ్రాములతో గుణించి 100తో భాగించాలి. ఒక చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాముల అన్నంలో దాదాపు 42 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. లోడ్ 30 దాటుతుంది. 20 ఉంటేనే ఎక్కువ కింద లెక్క. మన హాస్టల్ కంచంలో పడే అన్నం అలాంటి గిన్నెలు రెండు మూడు ఉంటుంది, దాని మీద నీళ్లలాంటి చారు.

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగతావాటికంటే మెరుగని ఆధారాలు లేవని తేల్చాయి. సమతుల ఆహారం ఏదైనా పనికొస్తుంది, మనిషి ఇష్టాన్ని, సంస్కృతిని బట్టి దాన్ని మార్చుకోవచ్చు అన్నాయి. కాబట్టి తక్కువ జీఐ తిండి మందు కాదు. మన కంచాన్ని సరిచూసుకోవడానికి పనికొచ్చే ఒక కొలత మాత్రమే.

లెక్క ఎక్కడ తప్పింది

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల నమూనా కంచం ఒకటి తయారు చేసింది. అందులో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు, గింజలు ఉన్నాయి.

ఇప్పుడు రేషన్ చూద్దాం. తెలంగాణలో తలకు నెలకు 6 కిలోల బియ్యం. రోజుకు 200 గ్రాములు. ఇది నమూనా కంచంలోని ధాన్యం కంటే తక్కువే. అన్నం ఎక్కువైందని పేదల్ని తిట్టేవాళ్లు ఈ లెక్క చూడాలి. మరి పప్పు? రోజుకు 85 గ్రాములంటే మనిషికి నెలకు రెండున్నర కిలోలు, నలుగురున్న ఇంటికి 10 కిలోలు. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాల గురించి మాట్లాడింది కానీ పప్పును హక్కుగా ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ ధరకు ఇచ్చే కందిపప్పు కార్డుకు ఒక కిలో. అంటే ఇల్లంతటికీ అదే. మిగిలింది బజారులో కొనాలి. కొనలేనప్పుడు కడుపు నింపేది అన్నమే. కాబట్టి అసలు కొరత అన్నం పక్కన ఉండాల్సిన వాటిది.

అన్నం మీద మనకున్న మమకారానికీ చరిత్ర ఉంది. మెట్ట ప్రాంతాల్లో మన తాతల కాలంలో తెల్లన్నం పండగ తిండి. రోజూ తినేది దొరల ఇళ్లు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలిని తీర్చింది, వరి అన్నాన్ని మన గడపలోకి తెచ్చింది. అది గౌరవం కూడా. ఆ అన్నాన్ని ఇవాళ 'మీ రోగానికి కారణం' అని చూపిస్తే ఊరుకోలేం. అదే సమయంలో, బియ్యం ఒక్కటే ఇచ్చి ప్రభుత్వం తన బాధ్యత తీరిందనుకోవడాన్నీ ఒప్పుకోలేం.

మన వంటింట్లో ఉన్నవి

ఉలవలు, అలసందలు (తెలంగాణలో బబ్బెర్లు), పెసలు, శనగలు: ఇవన్నీ చక్కెరను నెమ్మదిగా వదిలేవే. సాయంత్రం బిస్కెట్లకు బదులు గుప్పెడు గుడాలు తింటే కడుపు నిండుతుంది, ప్రోటీన్ అందుతుంది. ఉలవచారు ఒక్కటే చాలదు. ఒకప్పుడు కట్టు వంచుకుని ఉడికిన గింజల్ని ఎడ్లకు పెట్టేవారు. పీచు ఉన్నది ఆ గింజల్లోనే, వాటినీ తినాలి.

జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు బియ్యం కంటే పీచు ఎక్కువున్నవి. అయితే 'మిల్లెట్ ఏదైనా షుగర్ పెంచదు' అన్నది ప్రచారం. ధాన్యాన్ని ఎంత మెత్తగా పట్టిస్తే అంత త్వరగా అరుగుతుంది. ఇందాకటి పట్టికలో చిరుధాన్యాల జావ సగటు 67. పలచటి రాగిజావ గ్లాసుతో తాగడం కన్నా రవ్వగా పట్టించిన జొన్న గటక, రొట్టె, వాటితో పాటు పప్పో కూరో మేలు.

గుడ్డు, చేప, కోడి, పెద్దకూర: వీటిలో పిండి పదార్థం లేనట్టే, కాబట్టి వీటికి జీఐ లెక్కే రాదు. అన్నంతో పాటు తింటే అన్నం అరిగే వేగం తగ్గుతుంది. పైగా ఇనుము, బీ12 అందుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అయినా మన దేశంలో తిరిగే పీసీఓఎస్ డైట్ చార్టుల్లో చాలావరకు పనీర్ ఉంటుంది, పెద్దకూర ఉండదు. అది వైద్యం చెప్పిన మాట కాదు, కులం చెప్పిన మాట. నూనె తక్కువ వేసి, కొవ్వు తక్కువున్న ముక్కలు వండుకుంటే సరిపోతుంది.

పుంటికూర, తోటకూర, మునగాకు, చేలగట్ల మీద దొరికే గంగవాయిలి కూర కూడా ఈ జాబితాలోవే. పప్పులో దండిగా వేసుకోవచ్చు.

ఉన్నదాంతోనే చేయగలిగినవి

హాస్టల్లో మెనూ మన చేతిలో ఉండదు. అయినా కొన్ని చేయవచ్చు. ముందు కూర, పప్పు, గుడ్డు తిని తర్వాత అన్నం తింటే చక్కెర అంత త్వరగా పెరగదని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. ఇడ్లీ, ఉప్మా పెట్టిన రోజు ఉడికిన గుడ్డో పల్లీల చట్నీయో తోడు చేసుకోవాలి. తీపి టీలు, కూల్‌డ్రింకులు తగ్గించాలి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవాలి. వారానికి మొత్తం 150 నిమిషాల చురుకైన నడకో ఆటో ఉండేలా చూసుకోవాలి.

ఇంట్లో బియ్యం కొనుక్కునేవాళ్లకు ఒక మాట. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకానికి జీఐ 52 లోపే ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఉప్పుడు బియ్యం కూడా సాధారణంగా పచ్చి బియ్యం కంటే నయం. చద్దన్నంలో అరగని పిండి కొంత పెరుగుతుంది, కానీ అది మహిమ కాదు. ఎంత తిన్నామన్న లెక్క దానికీ వర్తిస్తుంది.

పూటలు మానేయవద్దు. డాక్టర్ రాసిన మందులు తిండి మార్చామని సొంతంగా ఆపవద్దు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే తప్పక చూపించుకోవాలి. అలా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమై ముందుముందు ప్రమాదం తేవచ్చు.

ముతక ధాన్యం శ్రీ అన్న అయ్యాక

ఇన్నాళ్లూ ప్రభుత్వ కాగితాల్లో జొన్న, సజ్జ, రాగి 'ముతక ధాన్యాలు'. తినేవాళ్లూ ముతక మనుషులే. 2018లో కేంద్రం వాటిని 'పోషక ధాన్యాలు' అని పేరు మార్చింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో అవే 'శ్రీ అన్న' అయ్యాయి. పేరు పెరిగింది, సూపర్‌మార్కెట్‌లో ధరా పెరిగింది. తరతరాలుగా వాటిని పండించి తిన్న ఇళ్లకు మాత్రం అవి అందకుండా పోయాయి.

దీనికి మన దగ్గరే ఒక జవాబు పుట్టింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలోనే బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు. అప్పును ధాన్యంగా తీర్చుకుంటూ, ఊళ్లోనే జొన్నలు నిల్వ చేసి, పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ నడిపారు. ఒకే చేలో జొన్న, కంది, పెసర కలిపి వేశారు. పోషకాహార సంస్థ గీసిన కంచం వాళ్ల చేలో అప్పటికే ఉంది.

అడగాల్సినవి

2024లో తెలంగాణ ప్రభుత్వం హాస్టల్ డైట్ ఛార్జీలు పెంచాక ఇంటర్ నుంచి పీజీ వరకు విద్యార్థికి నెలకు 2,100 రూపాయలు. రోజుకు 70. టిఫిన్, రెండు పూటల భోజనం, సాయంత్రం చిరుతిండి అన్నీ అందులోనే. ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తున్నాయి, పప్పు ఎంత చిక్కగా ఉంది అని మెస్ కమిటీల్లో లెక్క అడగడం విద్యార్థి సంఘాల పని.

మా దృష్టిలో అడగాల్సినవి ఇవి. రేషన్‌లో తలకు ఇంత అని పప్పు హక్కుగా రావాలి. కార్డుకు కిలో సరిపోదు. జొన్నలు, రాగులు కోరుకున్నవాళ్లకు బియ్యానికి బదులు స్థానిక రైతుల దగ్గర కొని ఇవ్వాలి. సన్నబియ్యం ఇస్తున్నప్పుడు తెలంగాణ సోనా లాంటి రకాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. హాస్టళ్లలో రోజూ గుడ్డు, సాయంత్రం గుడాలు ఉండాలి, మాంసాహారం మీద ఎవరి ఆచారాన్నీ రుద్దకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలసరి సమస్యతో వచ్చిన అమ్మాయికి చక్కెర, థైరాయిడ్ పరీక్షలు ఉచితంగా జరగాలి.

పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి 'నోరు కట్టుకో' అని చెప్పడం తేలిక. ఆమె కంచంలో ఏం పడాలో నిర్ణయించేవాళ్లను ప్రశ్నించడం కష్టం. కానీ ఆ కంచం మారాలంటే అడగాల్సింది వాళ్లనే.